కూతురు ‘నాన్న’, కుక్క ‘వాడు’: మనవాళ్ల విషయంలో ఆడ, మగ మాటలు ఎందుకు తారుమారవుతాయి?

కొడుకుని పిలవబోతే కూతురి పేరు, కూతుర్ని పిలవబోతే కుక్క పేరు నోట్లోంచి వచ్చే ఇళ్లు చాలానే ఉంటాయి. ఆడకుక్కని ‘వీడు’ అని ముద్దు చేసేవాళ్లు, కూతుర్ని ‘ఏరా నాన్నా’ అని పిలిచేవాళ్లు, ఇంగ్లీషులో అక్క గురించి చెబుతూ ‘హీ’ అనేసి నాలుక కరుచుకునేవాళ్లు కూడా తక్కువేం కాదు. ఇప్పుడు దీనికి ఇంకో వాదన తోడైంది. ఇంట్లో ఒకరు తాము ట్రాన్స్ అని, అంటే పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ గుర్తింపు తమది కాదని చెప్పాక కూడా పాత మాటే దొర్లుతూ ఉంటే దాన్ని ఏమనుకోవాలి? “మా పిల్లిని కూడా అలాగే తప్పు పిలుస్తుంటాను, అందులో ఏముంది?” అని ఒకరంటారు. “పిల్లికి పట్టదు, నాకు పడుతుంది” అని మరొకరంటారు.

పైకి చూస్తే ఇవన్నీ ఒకే రకం పొరపాట్లలా కనిపిస్తాయి. లోపల జరిగేది మాత్రం ఒకటి కాదు. కొన్నిసార్లు మెదడు పక్క మాటని అందిస్తుంది. కొన్నిసార్లు ఒక భాష అలవాటు ఇంకో భాషలోకి వచ్చేస్తుంది. కొన్నిసార్లు విషయమే తెలియక తప్పు పడుతుంది. కొన్నిచోట్ల తప్పన్నదే లేదు, కావాలనే అలా పిలుస్తున్నారు. ఏది ఏదో విడదీయకుండా మాట్లాడితే ఇద్దరికీ కోపం తప్ప ఏమీ మిగలదు.

శరీరం, గుర్తింపు, వ్యాకరణం: మూడింటినీ కలిపేస్తే వచ్చే చిక్కు

ఆడ, మగ అన్నప్పుడు మనం మూడు సంగతుల్ని ఒకే ముద్దగా మాట్లాడేస్తుంటాం. మొదటిది శరీరం: ఈ కుక్కపిల్ల ఆడదా, మగదా? రెండోది, ఒక మనిషి తనని తాను ఎవరిగా గుర్తించుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు ఎలా చూస్తారు అన్నది. దీన్నే జెండర్ అంటున్నాం. మూడోది వ్యాకరణ లింగం. ఇది మాటకి ఉంటుంది, ఆ మాట సూచించే ప్రాణికి కాదు.

జర్మన్‌లో ‘మేడ్‌షెన్’ అంటే అమ్మాయి. వ్యాకరణం లెక్కలో మాత్రం అది నపుంసక లింగం. చిన్నదనాన్ని తెలిపే ‘షెన్’ చివర చేరితే ఏ మాటైనా నపుంసకంలోకి పోవాల్సిందే. హిందీలో ‘బిల్లీ’ స్త్రీలింగం, ‘కుత్తా’ పుంలింగం. అందుకే ఎదురుగా ఉన్న పిల్లి ఆడదో మగదో తెలియకపోయినా ‘బిల్లీ ఆయీ’ అంటారు. దాన్ని బట్టి హిందీ మాట్లాడేవాళ్లు పిల్లులన్నీ ఆడవే అనుకుంటున్నారని చెప్పలేం.

తెలుగులో బల్లకీ కుర్చీకీ ఆడ, మగ తేడా లేదు కాబట్టి మనకి ఈ గొడవ లేదనిపిస్తుంది. ఉంది, కాకపోతే అది క్రియ చివర ఉంది.

తెలుగు క్రియ చూసే గీత

ఏకవచనంలో తెలుగు క్రియకి తెలిసినవి రెండే రకాలు: మగమనిషి, మిగతావన్నీ. అన్నయ్య వచ్చాడు. అక్క వచ్చింది, పిల్లి వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలోకి రాగానే గీత ఇంకోచోట పడుతుంది: అక్కలు వచ్చారు, పిల్లులు వచ్చాయి. అంటే ఒక్కరుగా ఉన్నప్పుడు పిల్లి పక్కన ఉన్న అక్క, నలుగురితో కలిసినప్పుడు మనుషుల పక్కకి చేరుతుంది. సంప్రదాయ వ్యాకరణం పురుషులకి మహత్తు, స్త్రీలకి మహతి, తక్కినవాటికి అమహత్తు అని పేర్లు పెట్టింది. తమిళంలో ‘వందాళ్’, కన్నడలో ‘బందళు’ అని ఆమెకి వేరే క్రియారూపం ఉంది. తెలుగులో లేదు.

ఇది స్త్రీలని చిన్నచూపు చూడటమే అని ఒక వాదన. ‘నాన్న వచ్చారు, అమ్మ వచ్చింది’ అనే ఇళ్లలో ఆ తేడా చెవికి గుచ్చుకునే మాట నిజమే. వ్యాకరణం గుంపులు కట్టడానికీ, మనుషులు గౌరవించడానికీ ముడిపెట్టకూడదని రెండో వాదన. సూర్యుడు కూడా ‘ఉదయించాడు’ కదా, అతను మనిషేం కాదు అంటారు వీళ్లు. నా ఉద్దేశంలో రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ‘వచ్చింది’ అనే రూపం ఎలా ఏర్పడిందన్నది చరిత్ర. నాన్నకి ‘రు’ చేర్చి అమ్మకి చేర్చకపోవడం మాత్రం మాట్లాడేవాళ్లు రోజూ చేసే ఎంపిక.

ఈ గీత వల్ల పెంపుడు జంతువుల దగ్గర ఒక వింత జరుగుతుంది. కుక్కని ఇంట్లో మనిషిలా చూస్తున్నామని మాటలో చూపించాలనుకోండి. మగకుక్క అయితే తేలిక: ‘అది తినేసింది’ని ‘వాడు తినేశాడు’ చేస్తే సరిపోతుంది. మరి ఆడకుక్కకి? క్రియ ఎటూ ‘తినేసింది’ దగ్గరే ఆగిపోతుంది. సర్వనామమైనా మారుద్దామంటే ‘ఆమె’, ‘ఆవిడ’ అనేవి మర్యాదా దూరమూ ఉన్న మాటలు. ‘ఆవిడ సోఫా కొరికేసింది’ అంటే నవ్వులాటకి అన్నట్టుంటుంది. చనువుగా ‘అది’ అంటే మళ్లీ మొదటికే వచ్చాం. చనువూ, మనిషితనమూ రెండూ ఉన్న సర్వనామం తెలుగులో ‘వాడు’, ‘వీడు’ తప్ప ఇంకోటి దొరకదు. ఆడకుక్కలు కూడా ‘వీడు’ అయిపోవడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. అలా పిలిచేవాళ్లకి అది ఆడదని తెలియక కాదు. మనిషిని చేయబోతే మగాడైపోయింది, అంతే.

క్రియ అన్నిచోట్లా ఈ తేడా చూపించదన్నది కూడా గమనించాలి. ‘తినేశాడు’, ‘తినేసింది’, ‘తింటాడు’, ‘తింటుంది’ అన్నప్పుడు తేడా బయటపడుతుంది. ‘ఇంకా తినలేదు’, ‘తినాలి’, ‘తినొచ్చు’ అన్నప్పుడు బయటపడదు. తిననిది నాన్నో, అమ్మో, పిల్లో చెప్పలేం. అందుకే తెలుగులో తప్పు దొర్లే అవకాశం కూడా వాక్యాన్ని బట్టి మారుతుంది.

నోరు జారినప్పుడు మెదడు ఎక్కడ వెతుకుతుంది?

మాట పుట్టే తీరు గురించి డచ్ భాషాశాస్త్రవేత్త విలెమ్ లెవెల్ట్ ఇచ్చిన నమూనా బాగా ప్రసిద్ధం. దాని ప్రకారం ముందు భావం, తర్వాత ఆ భావానికి తగిన మాట ఎంపిక, ఆ తర్వాత ఆ మాటకి శబ్దం. మాటకున్న వ్యాకరణ లింగం రెండో మెట్టు దగ్గరే ఉంటుంది, శబ్దంతో పనిలేకుండా. దీనికి 1997లో వచ్చిన ఇటాలియన్ పరిశోధన ఒకటి బలమిచ్చింది. మాట నాలుక చివర ఆగిపోయి గుర్తురాని స్థితిలో కూడా, ఆ మాట స్త్రీలింగమో పుంలింగమో చాలాసార్లు సరిగ్గా చెప్పగలిగారట.

మరి మనవాళ్ల పేర్ల సంగతేమిటి? అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సమంతా డెఫ్లర్, డేవిడ్ రూబిన్ తదితరులు 1,700 మందికి పైగా అడిగి, ఆ ఫలితాల్ని 2016లో ప్రచురించారు. తెలిసినవాళ్లని తప్పు పేరుతో పిలవడం ఎక్కువగా ఒకే గుంపులో జరుగుతుందని తేలింది. ఇంట్లోవాళ్ల పేరు బదులు ఇంట్లోవాళ్ల పేరే వస్తుంది, స్నేహితుల పేరు బదులు ఇంకో స్నేహితుడి పేరు వస్తుంది. పేర్ల శబ్దం దగ్గరగా ఉంటే కొంత తోడవుతుంది. మనుషుల పోలికలకి దాదాపు పాత్రే లేదు. ఏమాత్రం పోలిక లేని పిల్లల పేర్లు, ఒకరు ఆడ ఒకరు మగ అయినా సరే, తల్లిదండ్రుల నోట తారుమారవుతూనే ఉన్నాయి. ఈ జాబితాలో కుక్క పేరు కూడా కలిసింది. పిల్లి పేరు మాత్రం కుక్క పేరులా కలవలేదు. కుక్కని కుటుంబం లెక్కలో వేసుకుంటున్నామని దీన్నిబట్టి అనుకోవచ్చు; పిల్లి ఏమనుకుంటుందో పిల్లినే అడగాలి.

దీనికీ వయసుకీ ముడిపెట్టి భయపడేవాళ్లు ఉన్నారు. అదే పరిశోధనలో కాలేజీ విద్యార్థులు కూడా ఇలా తడబడినట్టు కనిపించింది. అడపాదడపా పేరో, ‘వాడు’ బదులు ‘అది’ అనో దొర్లడం మతిమరుపు జబ్బుకి గుర్తు కాదు. ఉన్నట్టుండి మాట ముద్దగా మారి, ముఖం ఒక పక్కకి జారితే అది పక్షవాతం కావచ్చు, ఆ అత్యవసరం వేరు.

ఇక్కడ అసలు పాయింటు ఒకటుంది. తమ్ముడి పేరుతో అక్కని పిలిచిన అమ్మ, ఆ క్షణంలో అక్కని మగపిల్లాడిగా ఊహించుకోవడం లేదు. ‘నా పిల్లలు’ అనే అరలో చెయ్యి పెట్టింది, పక్కనున్నది చేతికొచ్చింది. దొర్లిన మాటని బట్టి మనసులోని అభిప్రాయాన్ని చదవడం అంత సులువు కాదనడానికి ఇదే ఆధారం. అభిప్రాయం ఎప్పుడూ ఉండదనడానికి మాత్రం ఇది చాలదు. ఆ సంగతి చివర్లో చూద్దాం.

వేరే భాషలోకి వెళ్లగానే అక్క ‘హీ’ ఎందుకవుతుంది?

ఫిన్నిష్‌లో ‘హాన్’, టర్కిష్‌లో ‘ఓ’, బెంగాలీలో ‘షే’. ఇవన్నీ అతను, ఆమె ఇద్దరికీ ఒకటే. చైనీస్ మాండరిన్‌లో పలకడం ఇద్దరికీ ‘తా’నే, ఆమె కోసం వేరే అక్షరం రాయడం గట్టిగా మొదలైంది 1920ల్లోనే, పలకడం ఇప్పటికీ మారలేదు. ఈ భాషలు మాట్లాడేవాళ్లు ఇంగ్లీషులో ‘హీ’, ‘షీ’ కలిపేయడం ఉపాధ్యాయులకి బాగా తెలిసిన సంగతి. సొంత భాషలో సర్వనామం వాడేముందు ‘ఆడా, మగా’ అని చూసుకునే అలవాటే ఉండదు. ఇంగ్లీషులో ఆ చూపు వాక్యం మధ్యలో, మాట తొందరలో జరగాలి. ఎదుటి మనిషి ఎవరో తెలియక జరిగే తప్పు కాదిది.

ఇంకో రకం ఉంది. హిందీలో ‘ఉస్‌కీ మా’ అన్నప్పుడు ‘కీ’ అనేది తల్లిని బట్టి వచ్చింది, కొడుకుని బట్టి కాదు. ఫ్రెంచ్‌లోనూ దాదాపు ఇదే కథ. అక్కడ ‘సా మేర్’ అంటే అతని తల్లి కావచ్చు, ఆమె తల్లి కావచ్చు. ఆ అలవాటుతో ఇంగ్లీషుకి వచ్చినవాళ్లు అతని తల్లిని ‘హర్ మదర్’ చేసేస్తారు. అంటే లింగం తెలుసు, అది ఎవరికి చెందాలన్న దగ్గర దారి తప్పింది.

తెలుగువాళ్లకి ‘వాడు’, ‘ఆమె’ ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు ‘హీ’, ‘షీ’ మరీ కష్టం కాదు. మనం దొరికిపోయేది హిందీలో. ‘నేను వస్తాను’ అని ఎవరన్నా ఒకటే తెలుగులో. హిందీలో చెప్పేది ఆడవాళ్లయితే ‘ఆతీ హూఁ’, మగవాళ్లయితే ‘ఆతా హూఁ’. తెలుగు అమ్మాయి ‘మై ఆతా హూఁ’ అంటే తన సంగతే తనకి తెలియక కాదు కదా. ఇంగ్లీషులో మనం ఎదుటివాళ్ల కుక్కని ‘ఇట్’ అనేస్తుంటాం, తెలుగు ‘అది’ అలవాటుతో. ‘అది’లో మనకి ముద్దు కూడా ఉంది. ఆ కుక్కని పెంచుకునేవాళ్లకి ‘ఇట్’లో వస్తువు మాత్రమే వినపడొచ్చు.

తప్పు కాని తప్పులు: నాన్నా, తల్లీ, ఏరా

కూతుర్ని ‘నాన్నా’ అనే అమ్మకి కూతురు ఎవరో తెలుసు. కొడుకుని ‘మా తల్లే, తినమ్మా’ అని బతిమాలే తండ్రికీ తెలుసు. భాషాశాస్త్రంలో దీన్ని తిరగేసిన సంబోధన అంటారు. అరబిక్‌లో తల్లి తన బిడ్డని, కొడుకైనా కూతురైనా, ‘మామా’ అంటుంది. తండ్రి ‘బాబా’ అంటాడు. అక్కడ పిలిచేవాళ్లు తమ పేరునే తిరిగి బిడ్డకి ఇస్తున్నారు. తెలుగులో లెక్క కాస్త వేరు: ‘నాన్నా’ అనేది తల్లి కూడా అంటుంది, ‘అమ్మా’ అనేది తండ్రి కూడా అంటాడు. పెద్దల పేర్లు పిల్లలకి పెట్టుకునే అలవాటు వల్ల పిల్లల్లో తమ తల్లిదండ్రులని చూసుకోవడం అని కొందరి వివరణ. పిల్లలు నేర్చుకోవాల్సిన పిలుపుని వాళ్ల ముందు వల్లించగా వల్లించగా అలా అతుక్కుపోయిందని ఇంకొందరిది. రెండింట్లో ఏదైనా, ఇక్కడ ‘నాన్న’ అంటే తండ్రి అనే అర్థం పోయి ముద్దు మాత్రం మిగిలింది.

‘ఏరా’ దగ్గర ఇంత తేలిగ్గా ఒప్పుకోలేం. కూతుర్ని, చెల్లెల్ని, స్నేహితురాల్ని ‘ఏంట్రా, తిన్నావా?’ అనడం ఇప్పుడు మామూలే. అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు అలా పిలుచుకుంటారు. ‘రా’లోంచి మగతనం అరిగిపోయి ఉత్త చనువు మిగిలిందని ఒక చూపు. అమ్మాయికి అబ్బాయి స్థాయి ఇచ్చి గారం చేయడం, అంటే మగే మేలనే లెక్క లోపల ఉండటం ఇంకో చూపు. పరీక్షించాలంటే తిరగేసి చూడాలి. అబ్బాయిని ‘ఏమే’, ‘ఒసేయ్’ అని పిలిస్తే? అది వెక్కిరింతే అవుతుంది, గారం కాదు. ఈ అసమానత రెండో చూపుకి బలం. అయితే అదే అబ్బాయిని ‘బంగారు తల్లీ’ అంటే ఎవరికీ వెక్కిరింతలా వినపడదు. కాబట్టి ఆడమాట అయినంత మాత్రాన కింద పడదు. అమ్మ స్థానం నుంచి వచ్చిన ఆడమాట పైనే ఉంటుంది, చనువు మీద ఆధారపడ్డ ఆడమాట కిందికి జారుతుంది. పసిబిడ్డల దగ్గర ఈ లెక్కలేవీ ఉండవు. పుట్టింది మగబిడ్డ అయినా ‘బిడ్డ ఏడుస్తోంది’ అంటాం, ఎవరూ పట్టించుకోరు.

జంతువు విషయంలో మాట కాదు, చూపే తప్పినప్పుడు

పెంపుడు జంతువుల దగ్గర కొన్నిసార్లు భాషకి సంబంధమే ఉండదు. ఆడదో మగదో తెలుసుకోవడమే కష్టం. పిల్లికూనల్లో, కుందేలు పిల్లల్లో తేడా మొదట్లో అనుభవం లేని కంటికి అందదు. చాలా జాతుల చిలుకల్లో పెద్దయ్యాక కూడా ఆడ, మగ ఒకేలా ఉంటాయి. ఈకతోనో రక్తపు చుక్కతోనో డీఎన్‌ఏ పరీక్ష చేయించి తెలుసుకుంటారు. ఎక్లెక్టస్ అనే చిలుకలో ఇంకో తమాషా: మగది పచ్చగా, ఆడది ఎర్రగా ఉంటుంది. చాలాకాలం వాటిని రెండు వేరు జాతులనుకున్నారు.

పిల్లుల్లో రంగు కొంత చెబుతుంది. నారింజ రంగుకి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. నలుపు, నారింజ రెండూ ఒకే ఒంటి మీద కనబడాలంటే సాధారణంగా రెండు ఎక్స్‌లు కావాలి, అంటే ఆడపిల్లి కావాలి. అందుకే మూడు రంగుల కాలికో పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. అదనపు ఎక్స్ ఉన్న మగవి అరుదుగా పుడతాయి. ఆడదో మగదో తెలియని పిల్లికి పేరుపెట్టి, నెలల తరబడి ‘వాడు’ అని పిలిచి, డాక్టరు చూశాక ఆడదని తెలిసినా ‘వాడు’ పోని ఇళ్లుంటాయి. తెలిసిన సంగతి ఒక్క నిమిషంలో మారిపోయింది, అలవాటైన మాట మారలేదు. ఈ తేడాని గుర్తుపెట్టుకుంటే తర్వాతి సంగతి అర్థం చేసుకోవడం తేలిక.

ఇంట్లో ఒకరి జెండర్ మారినప్పుడు దొర్లే పాత మాట

ఇరవై ఏళ్లు ‘వాడు’ అన్న మనిషిని ఇకమీద ‘తను, వచ్చింది’ అనాలి. లేదా దానికి తిరగేసి. తల్లిదండ్రులు చెప్పేది: మేము ఒప్పుకున్నాం, నోరే ఒప్పుకోవట్లేదు. ఇది నమ్మదగ్గ మాటే. వేలసార్లు వాడిన మాట ముందు పైకొస్తుంది. అలసటలో, తొందరలో, కోపంలో ఇంకా ముందు వస్తుంది. చిన్ననాటి కథ చెప్పేటప్పుడు మరీ కష్టం. జ్ఞాపకం పాత మాటతోనే భద్రమై ఉంది. నిన్నటి మనిషికి కూడా ఈనాటి సర్వనామమే వాడాలని చాలామంది ట్రాన్స్ వ్యక్తులు కోరతారు. ఇంట్లోవాళ్లు ఎక్కువ తడబడేది అక్కడే.

అటువైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. పిల్లల పేర్లు తారుమారైనప్పుడు తప్పు అన్ని దిక్కులా పోతుంది: అక్క పేరు తమ్ముడికి, తమ్ముడి పేరు అక్కకి. ఇక్కడ తప్పు ఎప్పుడూ ఒకే దిక్కుకి, పాత మాట వైపుకే పోతుంది. ‘మీ లోపల నేనింకా ఆ పాత మనిషినే’ అని వినేవాళ్లకి అనిపించడానికి ఇదే కారణం. అలవాటు బలం వల్ల కూడా తప్పు ఒకే దిక్కుకి పోతుంది, ఒప్పుకోకపోవడం వల్ల కూడా పోతుంది. ఒక్క వాక్యం విని ఏదో తేల్చలేం. వెంటనే దిద్దుకుంటున్నారా, నెలలు గడిచేకొద్దీ తగ్గుతోందా, బయటివాళ్ల ముందు సరిగ్గా అని ఇంట్లో మాత్రం వదిలేస్తున్నారా, గొడవ వచ్చినప్పుడే పాత మాట బయటికొస్తోందా అన్నవి కొంత చెబుతాయి.

పిల్లితో పోలిక సగం వరకే నడుస్తుంది. మాట ఎలా దొర్లుతుందో చెప్పడానికి పనికొస్తుంది. వినేవాళ్ల మీద ఏం పని చేస్తుందో చెప్పడానికి పనికిరాదు. టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ రసెల్, సహచరులు 129 మంది ట్రాన్స్ యువతని, ఆడ, మగ మూసల్లో ఒదగని యువతని అడిగి 2018లో ప్రచురించిన పరిశోధనలో, వాళ్లు ఎంచుకున్న పేరుని ఇల్లు, బడి, ఉద్యోగం, స్నేహితుల మధ్య ఎక్కువ చోట్ల వాడేవాళ్లలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. ఇది పేరు గురించిన పరిశోధన, సర్వనామం గురించి కాదు. పేరు వాడటమే కారణమని కూడా ఇది ఒక్కటీ రుజువు చేయదు. కానీ ‘మాటదేముంది’ అని కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేస్తుంది.

జెండర్ మారదనే నమ్మకంతో కావాలనే పాత మాట వాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లది నమ్మకానికి సంబంధించిన వాదన. దాన్ని ఆ పేరుతోనే వాదించుకోవాలి. నోరు జారడం గురించి పైన చెప్పినదేదీ వాళ్లకి వర్తించదు, దాన్ని సాకుగా వాడుకోవడమూ కుదరదు. ఇంకోవైపు, తప్పు దొర్లగానే పది నిమిషాలు క్షమాపణ చెప్పేవాళ్లు ఎదుటి మనిషికే తమని ఓదార్చే పని పెడుతున్నారు. మాట దిద్దుకుని వాక్యం పూర్తిచేస్తే చాలని ఎక్కువమంది చెప్పేది అందుకే.

‘అతను’ కాదు, ‘ఆమె’ కాదు, రెండూ వద్దనేవాళ్ల దగ్గర తెలుగుకి అసలు పరీక్ష. ‘తను’ ఉంది కదా అనుకుంటాం, కానీ ‘తను వచ్చాడు’, ‘తను వచ్చింది’ అని క్రియ ఏదో ఒకటి అడుగుతుంది. ‘రాలేదు’, ‘రావాలి’ లాంటి రూపాలతో కాసేపు నడపొచ్చు, రోజంతా నడపలేం. మిగిలింది ‘వచ్చారు’. ఇందులో ఆడ, మగ తేడా లేదు, కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. ఇబ్బందల్లా అది గౌరవవాచకం కావడమే. మొన్నటిదాకా ‘ఒరేయ్’ అన్న చిన్నవాళ్లని ‘తను వచ్చారు’ అంటే దూరం పెట్టినట్టు వినిపిస్తుందని కొన్ని ఇళ్లలో అంటారు. ఎదురుగా ‘నువ్వు’ అంటూ, మూడోవాళ్లతో చెప్పేటప్పుడు మాత్రం ‘వచ్చారు’ అనేవాళ్లున్నారు. ఎదురుగా ‘నువ్వు’ అన్నప్పుడు తెలుగులో ఎటూ లింగం లేదు కాబట్టి చనువు అక్కడ నిలబడుతుంది, ‘రు’ పరాయివాళ్ల ముందు పని చేస్తుంది.